రెండు కప్పీలతో 120 కిలోలు: సగమా, మూడో వంతా, నాలుగో వంతా?

మోటారు పని

అందరికీ నమస్కారం. 120 కిలోల మోటారును నేల మీద నుంచి 3 మీటర్ల ఎత్తున్న వేదిక మీదికి ఎక్కించాలి. పైన గట్టి ఇనుప దూలం ఉంది. నా దగ్గర ఒంటి చక్రం కప్పీలు రెండు, మంచి తాడు ఉన్నాయి. ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఒకరు లాగే బలం సగమైతే చాలన్నారు. ఇంకొకరు మూడో వంతు చాలన్నారు. మూడో ఆయన కాగితం మీద బొమ్మ గీసి మరీ నాలుగో వంతు అని చూపించారు. ఎవరి మాట నమ్మాలి? లెక్కతో సహా చెప్పగలరా? తాడు మీద ఎంత బలం పెట్టాలో తెలిస్తే ఎంతమందిని పిలవాలో తేల్చుకుంటాను.

రిగ్గింగ్ మేస్త్రి

ముగ్గురూ సరిగానే చెప్పారు. ఆ రెండు కప్పీలతోనే సగమూ వస్తుంది, మూడో వంతూ వస్తుంది, నాలుగో వంతూ వస్తుంది. కట్టే తీరును బట్టి అసలేమీ కలిసిరాకపోవడమూ ఉంటుంది. రెండింటినీ దూలానికే కట్టి తాడును వాటి మీదుగా తీశారనుకోండి, మొత్తం 120 కిలోలూ మీ చేతి మీదే.

కప్పీలు లెక్కపెట్టకండి. బరువుతో పాటు పైకి వచ్చే కప్పీ దగ్గర నిలబడి, దాన్నీ బరువునూ పైకి పట్టి ఉంచిన తాళ్లు ఎన్నో లెక్కపెట్టండి. రెండుంటే సగం, మూడుంటే మూడో వంతు. పెద్ద క్రేన్ కొక్కెం అయినా ఇదే లెక్క. కొక్కెం దిమ్మకూ బూమ్ (క్రేన్ పొడవాటి చేయి) కొనకూ మధ్య ఎన్ని వరసల తాడు ఉందో చూసి, ఆ క్రేన్ వించి (తాడు చుట్టే యంత్రం) ఎంత బరువు లాగగలదో చెబుతాం.

నిచ్చెన

నాకు మొదటి నుంచీ మింగుడుపడనిది ఇదే. బరువు అదే, భూమి దాన్ని లాగే బలమూ అదే. తాడును నాలుగు మలుపులు తిప్పితే బరువు ఎలా తగ్గుతుంది? మిగతా బరువు ఎక్కడికి పోయింది? సూత్రం వద్దు, కారణం కావాలి.

సైన్స్ పంతులు

మంచి ప్రశ్న. బరువు ఎక్కడికీ పోలేదు, దూలం మోస్తోంది.

నీళ్ల బిందెను ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే ఒక్కొక్కరి చేతికి సగం బరువే తగులుతుంది. కదిలే కప్పీ దగ్గర జరిగేది అదే. తాడు ఒక కొసను దూలానికి కట్టి, కప్పీ కింద నుంచి తిప్పి, రెండో కొసను మీరు పైకి పట్టుకున్నారు. కప్పీకి రెండు పక్కలా రెండు తాళ్లు. ఒక పక్కది దూలం పట్టుకుంది, రెండో పక్కది మీరు. 120 కిలోల్లో 60 దూలానివి, 60 మీవి.

ఇద్దరికీ సరిసమానంగా ఎందుకు వస్తుందంటారా? అక్కడే చక్రానికి పని. చక్రం ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి ఒక పక్క తాడు బిగువు ఎక్కువైతే వెంటనే ఆ పక్కకు తిరిగి సర్దేస్తుంది. రెండు పక్కలా బిగువు ఒకటయ్యే వరకూ అది ఊరుకోదు. అందుకే ఒకే తాడు ఎన్ని చక్రాల మీదుగా వెళ్లినా దాని పొడవునా బిగువు ఒక్కటే. ఘర్షణ లేదనుకుంటేనే ఈ మాట. ఆ సంగతికి తర్వాత వద్దాం. బిగువు ఎక్కడ చూసినా ఒకటే అయినప్పుడు, బరువును పట్టిన తాళ్లు ఎన్నైతే అన్ని సమాన వాటాలు. మీ చేతిలో ఉన్నది అందులో ఒక వాటా.

ఇందుకు చెల్లించాల్సింది దూరం. బరువు 1 మీటరు లేవాలంటే దాన్ని పట్టిన రెండు తాళ్లూ చెరో మీటరు కురచ కావాలి. ఆ 2 మీటర్ల తాడూ మీ చేతిలోకే రావాలి. బలం సగం, దూరం రెట్టింపు, చేసిన పని మారలేదు. 120 కిలోలను 3 మీటర్లు ఎత్తడానికి సుమారు 3,530 జౌళ్ల పని కావాలి. ఏ కప్పీల అమరికా అందులో ఒక్క జౌలు కూడా తగ్గించలేదు. 120 కిలోల బలంతో 3 మీటర్లు లాగినా, 30 కిలోల బలంతో 12 మీటర్లు లాగినా అంతే. మన ఒంట్లో 120 కిలోలు లాగే బలం లేదు, 12 మీటర్లు లాగే ఓపిక ఉంది. కప్పీలు ఆ ఓపికను బలంగా మారుస్తాయి.

మోటారు పని

కారణం అర్థమైంది. అయితే రెండు కప్పీలతో మూడో వంతు ఎలా? నాలుగో వంతు ఎలా? ఆ బొమ్మ ఎంతసేపు చూసినా నాకు అంతు చిక్కలేదు.

రిగ్గింగ్ మేస్త్రి

బొమ్మ లేకుండానే చెబుతాను, తాడును వేలితో పట్టుకుని వెళుతున్నట్టు చదవండి.

సగం వచ్చే కట్టు: తాడు కొసను దూలానికి కట్టండి. అక్కడి నుంచి కిందికి, మోటారుకు తగిలించిన కప్పీ కింద నుంచి తిరిగి పైకి, దూలానికి ఉన్న రెండో కప్పీ మీదుగా కిందికి, మీ చేతికి. మోటారును పట్టినవి రెండు తాళ్లు. దూలం కప్పీ దాటి మీ చేతికి వచ్చిన మూడో తాడు మోటారును పట్టడం లేదు కాబట్టి లెక్కలోకి రాదు. పై కప్పీ ఇక్కడ చేసేదల్లా మీరు నేల మీద నిలబడి కిందికి లాగే వీలు ఇవ్వడం.

మూడో వంతు వచ్చే కట్టు: దీన్ని తలకిందులు చేయండి. తాడు కొసను దూలానికి కాకుండా మోటారుకు, అంటే కింది కప్పీ చట్రానికే కట్టండి. అక్కడి నుంచి పైకి, దూలం కప్పీ మీదుగా కిందికి, మోటారు కప్పీ కింద నుంచి మళ్లీ పైకి, మీ చేతికి. ఇప్పుడు మోటారును పట్టినవి మూడు. బలం 40 కిలోలు. కాకపోతే మీరు పైన నిలబడి పైకి లాగాలి.

నాలుగో వంతు: దీనికి రెండు తాళ్లు కావాలి, రెండు కప్పీలూ కదిలేవే. మొదటి తాడు ఒక కొస దూలానికి, మోటారు కప్పీ కింద నుంచి పైకి వచ్చి రెండో కప్పీ చట్రానికి. రెండో తాడు కొస దూలానికి, ఆ రెండో కప్పీ కింద నుంచి పైకి, మీ చేతికి. మొదటి కప్పీ 120ని 60 చేసింది, రెండోది ఆ 60ని 30 చేసింది. కాగితం మీద గీసిన ఆయన ఇదే గీసి ఉంటారు.

కాగితం మీద ఇది అందంగా ఉంటుంది, పనిలో ఇబ్బంది పెడుతుంది. మోటారు 3 మీటర్లు లేవాలంటే రెండో కప్పీ 6 మీటర్లు లేవాలి, చేతి తాడు 12 మీటర్లు రావాలి. రెండో కప్పీ 6 మీటర్లు ఎక్కేంత చోటు మీ దూలం కింద ఉందా? చాలాసార్లు మోటారు సగం దారిలో ఉండగానే ఆ కప్పీ దూలానికి తగిలి ఆగిపోతుంది. అప్పుడు బరువును అక్కడే తాత్కాలికంగా కట్టి, కప్పీని దించి మళ్లీ మొదలుపెట్టాలి. వేలాడే బరువుతో ఆ పని నేను ఎవరికీ చెప్పను.

పదో తరగతి

మాస్టారూ, మా పుస్తకంలో స్థిర కప్పీ యాంత్రిక లాభం (మనం పెట్టిన బలానికి ఎన్ని రెట్ల బరువు లేస్తుందో చెప్పే అంకె) 1 అని ఉంది. లాభం 1 అంటే ఏమీ కలిసిరానట్టే కదా. మరి దాన్ని వాడటం ఎందుకు?

సైన్స్ పంతులు

దిశ మారుతుంది. పైకి లాగేటప్పుడు చేతులూ నడుమూ పని చేయాలి. కిందికి లాగేటప్పుడు నీ ఒంటి బరువు నీకు సాయం వస్తుంది. జెండాను పైకి పంపడానికి ఎవరూ స్తంభం ఎక్కనక్కర్లేదు, అదీ స్థిర కప్పీ వల్లే.

దానికో హద్దు ఉంది, అది పుస్తకంలో తరచూ రాయరు. కిందికి లాగే మనిషి తన బరువుకు మించి బలం పెట్టలేడు. 55 కిలోల మనిషి 60 కిలోల బలంతో కిందికి లాగాలని చూస్తే బరువు లేవదు, తానే లేస్తాడు. పైన అడిగిన వారు ఒక్కరే లాగుదామనుకుంటే సగం కట్టులో ఈ హద్దు దగ్గరికి వచ్చేస్తారు.

నిచ్చెన

దూలం మోస్తోందన్నారు కాబట్టి దూలం లెక్క కూడా కావాలి. సగం కట్టులో నేను 60 కిలోలతో లాగితే దూలం మీద ఎంత పడుతుంది? 60 అనుకోవచ్చా?

రిగ్గింగ్ మేస్త్రి

అలా అనుకునే దూలాలు వంచుతారు. 180 పడుతుంది.

దూలానికి వేలాడుతున్నవన్నీ కలపండి. కట్టిన కొస దగ్గర 60. పై కప్పీకి రెండు పక్కలా చెరో 60, మొత్తం 120. రెండూ కలిపితే 180. ఇంకోలా చూసినా అంతే: మోటారు 120 కిందికి లాగుతోంది, మీరు 60 కిందికి లాగుతున్నారు, రెండూ మోయాల్సింది దూలమే.

కదిలే కప్పీ లేకుండా, దూలానికి ఒక్క కప్పీ కట్టి కిందికి లాగితే ఇంకా ఎక్కువ: మోటారు 120, మీరు 120, మొత్తం 240. మోటారు బరువుకు సరిగ్గా రెట్టింపు. ఆ కప్పీని పట్టిన కొక్కెం, గొలుసు, ముడి అన్నీ 240కి తట్టుకోవాలి. మూడో వంతు కట్టులో మీరు పైన నిలబడి పైకి లాగుతారు కాబట్టి దూలం మీద 80 మాత్రమే. మిగతా 40 మీ కాళ్ల కింది వేదిక మీద పడుతుంది. మీకు ఏది తేలికో చూసేటప్పుడు దూలానికి ఏది తేలికో కూడా చూడండి.

కొండదారి

ఈ లెక్క తాళ్లతో వేలాడే మాకు ప్రాణావసరం. పైన కప్పీ కట్టి 70 కిలోల మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నేల మీద నుంచి ఇంకొకరు లాగితే, లాగేవారు 70 కిలోల బలం పెట్టాలి, పైన పట్టు మీద 140 పడుతుంది. అదే మనిషి అదే తాడును పట్టుకుని తనను తానే లాక్కుంటే 35 చాలు, పైన పడేది 70 మాత్రమే. కప్పీ అదే, తాడు అదే, మనిషీ అదే. చేతిలో ఉన్న కొస కూడా తన బరువును పట్టే రెండో తాడైంది, అంతే తేడా. మేస్త్రి గారు చెప్పిన లెక్కింపు ఇక్కడా తప్పలేదు.

లోయలో చిక్కిన వారిని పైకి లాగేటప్పుడు మేము తరచూ వేసేది మూడింతల కట్టు. తాడు దారి ఆంగ్ల అక్షరం జెడ్ ఆకారంలో వస్తుంది. మొదటి మలుపు పైన పట్టు దగ్గర, రెండో మలుపు బరువు తాడునే ముడితో పట్టుకున్న కదిలే కప్పీ దగ్గర. ఆ కప్పీ పైదాకా వచ్చేశాక తాడును పైన బిగించి నిలిపి, కప్పీని మళ్లీ కిందికి జరుపుతాం. నాలుగో వంతు కట్టు గురించి మేస్త్రి గారు చెప్పిన చోటు ఇబ్బంది మాకూ ఉంది. మధ్యలో నిలిపే ఏర్పాటు మొదటే ఉంటుంది కాబట్టి నెట్టుకొస్తాం.

ఒక హెచ్చరిక. కప్పీ లేదని ఉక్కు కొక్కెం మీదుగానో, ఇనుప పైపు మీదుగానో తాడును తిప్పి అదే లాభం వస్తుందనుకోకండి. తిరగని దాని మీద తాడు రాసుకుంటే లాభమంతా అక్కడే పోతుంది.

సైన్స్ పంతులు

ఎంత పోతుందో లెక్క వేయొచ్చు. తిరగని గుండ్రని కడ్డీ మీద తాడు సగం చుట్టు తిరిగిందనుకుందాం. ఘర్షణ గుణకం (తాడూ కడ్డీ ఎంత గట్టిగా రాసుకుంటాయో చెప్పే అంకె) 0.3 అయితే, లాగే పక్క బిగువు బరువు పక్క బిగువుకు 2.57 రెట్లు ఉండాలి. 120 కిలోలు లేవాలంటే 308 కిలోల బలం కావాలి. చుట్టు పెరిగేకొద్దీ ఈ అంకె కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. రెండు పూర్తి చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 280 రెట్లు దాటుతుంది.

ఎత్తేటప్పుడు శత్రువైన ఈ ఘర్షణే దించేటప్పుడు మనకు నేస్తం. నున్నటి స్తంభానికి రెండు చుట్లు చుట్టి కొసను చేత్తో పట్టుకుంటే ఒక్క మనిషి చాలా పెద్ద బరువును నెమ్మదిగా వదలగలడు.

లంగరు

ఓడల మీద మాకు అది రోజూ చూసే పని. గట్టున ఉన్న ఇనుప దిమ్మకు మోకు రెండు మూడు చుట్లు వేసి ఒక్క మనిషి పట్టుకుంటే, నీటి మీద వేల టన్నుల ఓడ ఊగిసలాట ఆగుతుంది.

తెరచాప ఓడల కాలంలో కప్పీలు లేకపోతే నావికులు లేనట్టే. ఒక్క పెద్ద యుద్ధ నౌకకు సుమారు వెయ్యి కప్పీలు కావలసి వచ్చేవి. తెరచాప దించాలన్నా, ఫిరంగిని జరపాలన్నా అవే దిక్కు. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో 19వ శతాబ్దం మొదట్లో వీటి కోసమే ఒక కర్మాగారం పెట్టారు. మార్క్ ఇసంబార్డ్ బ్రునెల్ యంత్రాలకు రూపం ఇచ్చాడు, హెన్రీ మాడ్‌స్లే వాటిని లోహంతో తయారుచేశాడు. 1808 నాటికి అక్కడ ఏడాదికి 1,30,000 కప్పీలు తయారయ్యేవి. అంతకుముందు 110 మంది చేతిపనివారు చేసే పనిని 10 మంది చేయగలిగారు. యంత్రాలతో ఒకే రకం వస్తువును గుట్టలుగా తయారుచేయడానికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. ఆ గౌరవం కప్పీకి దక్కినందుకు నాకు ఎప్పుడూ సంతోషమే.

పాత పనిముట్లు

ఇంకా వెనక్కి వెళదాం. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దపు గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్ దూరంగా కూర్చుని, కప్పీల గుత్తిలోంచి వచ్చిన తాడును నెమ్మదిగా లాగుతూ, మనుషులతో సరుకుతో నిండిన మూడు తెరస్తంభాల ఓడను నీటి మీద వచ్చినంత సాఫీగా తన వైపు రప్పించాడని గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. ప్లుటార్క్ ఆర్కిమెడీస్ తర్వాత 300 ఏళ్లకు ఈ సంగతి రాశాడు కాబట్టి వివరాలను ఉన్నదున్నట్టు నమ్మనక్కర్లేదు. కానీ ఆ కాలానికే బహు చక్రాల కప్పీలు తెలుసుననడంలో సందేహం లేదు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ మూడు చక్రాల ఎత్తుడు యంత్రాన్నీ, అయిదు చక్రాల దాన్నీ విడివిడిగా వర్ణించాడు. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే పాతకాలపు ఇంజినీరు సరళ యంత్రాలు అయిదని చెప్పి అందులో కప్పీని చేర్చాడు.

పదో తరగతి

అయితే 100 చక్రాలు పెడితే చిన్న పిల్లవాడు కూడా ఓడను లాగొచ్చా?

సైన్స్ పంతులు

ఘర్షణ లేని లోకంలో లాగొచ్చు. మన లోకంలో ప్రతి చక్రమూ తన వంతు తినేస్తుంది. ఒక్కో చక్రం దాటినప్పుడు తాడు బిగువు నూటికి 10 తగ్గుతుందనుకో. నువ్వు లాగే బలం 1 అయితే మొదటి చక్రం తర్వాత 0.9, రెండో దాని తర్వాత 0.81, ఆ తర్వాత 0.73, ఇలా తగ్గుతూ పోతుంది. కిందికి లాగే కట్టులో బరువును పట్టిన తాళ్ల బిగువులన్నీ కూడితే అసలు లాభం వస్తుంది. 6 తాళ్లకు 6 రావలసింది 4.2 వస్తుంది. 10 తాళ్లకు 10 బదులు 5.9. ఇంకా ఎన్ని వేసినా కూడిక 9ని దాటలేదు. 100 చక్రాలు కాదు, లెక్కలేనన్ని పెట్టినా అంతే.

అదే పాత, తుప్పు పట్టిన చక్రాలై ఒక్కొక్కటి నూటికి 20 తింటుంటే హద్దు 4 దగ్గరే ఆగిపోతుంది. అందుకే చక్రాల సంఖ్య పెంచే ముందు ఉన్న చక్రాలను బాగుచేసుకోవడం మేలు.

రిగ్గింగ్ మేస్త్రి

మాస్టారి మాట పట్టుకుని మోటారు పని గారూ, మీ రెండు కప్పీలనూ ముందు చేతిలోకి తీసుకుని చూడండి. చక్రాన్ని వేలితో తిప్పి వదలండి. కాసేపు తిరిగి ఆగితే బేరింగు బాగున్నట్టు. గరగరమంటూ వెంటనే ఆగితే విప్పి, కడిగి, గ్రీజు పెట్టండి. చక్రాన్ని అటూ ఇటూ కదిలించి చూడండి. ఇరుసు రంధ్రం అరిగి కోలగా మారితే చక్రం ఒరుగుతుంది. అలా ఒరిగిన చక్రానికీ పక్క పలకకూ మధ్య సందు ఏర్పడుతుంది. బరువు మీద ఉండగా తాడు గాడిలోంచి జారి ఆ సందులో ఇరుక్కుంటే పైకీ రాదు, కిందికీ పోదు.

గాడిలో వేలు పెట్టి తడమండి. నున్నగా ఉండాలి. ఉక్కు తాడు వాడిన చక్రమైతే ఆ తాడు పేటల ముద్రలు గాడిలో పడి ఉంటాయి. నారతాడును దాని మీద నడిపిస్తే ఆ ముద్రలు తాడు పోగులను ఆకురాయిలా కోస్తాయి. గాడి తాడు లావుకు సరిపోవాలి. ఇరుకైతే నలిపేస్తుంది, మరీ వెడల్పయితే తాడు చదునుగా పరుచుకుంటుంది. చక్రం మరీ చిన్నదైనా నష్టమే. ఉక్కు తాడు ఇరుకు మలుపులో పదే పదే వంగి లోపలి తీగలు తెగుతాయి. మనుషులు ఎక్కే లిఫ్టుల్లో చక్రం అడ్డుకొలత తాడు లావుకు 40 రెట్లు ఉండేలా చూసేది అందుకే.

సైన్స్ పంతులు

నూటికి 10 నష్టంతో మీ అంకెలు ఇవి. సగం కట్టులో ఎత్తడానికి 60 కాదు, 70 కిలోలు కావాలి. మూడో వంతు కట్టులో 40 బదులు 44. దించేటప్పుడు ఘర్షణ మీ పక్షాన ఉంటుంది కాబట్టి సగం కట్టులో 51 కిలోలతో పట్టి వదలొచ్చు.

ఇంకొకటి. ఈ లెక్కలన్నీ తాళ్లు నిలువుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నప్పటివి. కదిలే కప్పీకి రెండు పక్కల తాళ్లు విచ్చుకుని వాటి మధ్య కోణం పెరిగితే లాభం తగ్గిపోతుంది. 120 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో తాడులో బిగువు మొత్తం బరువుకు సమానం. కప్పీ ఉన్నా లేనట్టే. దూలం మీద కప్పీనీ, కట్టిన కొసనూ పక్కపక్కనే ఉంచండి.

నిచ్చెన

లిఫ్టు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అంత బరువైన పెట్టెను అంత చిన్న మోటారు ఎలా ఎత్తుతోంది? అక్కడ కూడా తాళ్లు పంచుకోవడమేనా?

సైన్స్ పంతులు

అక్కడ ప్రధానంగా జరిగేది వేరు. చక్రం మీదుగా వెళ్లిన తాళ్లకు ఒక పక్క పెట్టె, రెండో పక్క ఎదురు బరువు వేలాడుతాయి. ఎదురు బరువును ఖాళీ పెట్టె బరువుకు, నిండు సామర్థ్యంలో 40 నుంచి 50 శాతం కలిపినంత ఉంచుతారు. లిఫ్టు సగం నిండితే రెండు పక్కలూ దాదాపు తూగుతాయి, మోటారు ఆ తేడానూ ఘర్షణనూ మాత్రమే జయించాలి. చాలా లిఫ్టుల్లో పెట్టెకూ ఎదురు బరువుకూ కూడా కదిలే కప్పీలు పెట్టి, మీ సగం కట్టునే వాడతారు. అప్పుడు తాడు పెట్టెకు రెట్టింపు వేగంతో నడుస్తుంది. మోటారు మీద పడే బలం సగమవుతుంది.

మోటారు పని

చాలా విలువైన సంగతులు. నా వాళ్లు ఇద్దరు వస్తారు. వాళ్లిద్దరూ కలిసి 70 కిలోలు లాగొచ్చు కానీ మోటారు గాలిలో ఉండగా చేయి జారితే ఏం కావాలి? మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాలన్నా కుదరదు. చైన్ కప్పీ అద్దెకు తీసుకోమని ఒకరు అంటున్నారు. దానికీ దీనికీ తేడా ఏమిటి?

రిగ్గింగ్ మేస్త్రి

మీరు అడిగిన దానిలోనే తేడా ఉంది. తాడు కప్పీలు ఎత్తుతాయి, వాటంతట అవి నిలపవు. చైన్ కప్పీ ఎత్తుతుంది, నిలుపుతుంది కూడా. మీరు గొలుసు వదిలేసి పక్కకు వెళ్లినా బరువు అక్కడే ఉంటుంది. ఇప్పుడు దొరికే వాటిలో లోపల పళ్ల చక్రాలు, ఒక బ్రేకు ఉంటాయి. ఎత్తేటప్పుడు వినిపించే టిక్ టిక్ శబ్దం బ్రేకులోని నాలుక పళ్ల మీద పడుతున్న చప్పుడు. మీ పనికి నేనైతే అదే చెబుతాను.

పాత పనిముట్లు

దాని పూర్వరూపం చెప్పకుండా ఉండలేను. 19వ శతాబ్దం మధ్యలో థామస్ ఆల్డ్రిడ్జ్ వెస్టన్ పేరుతో పిలిచే భేదాత్మక కప్పీ వచ్చింది. పైన ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలు, ఒకటి రెండోదాని కన్నా రవ్వంత చిన్నది. రెండూ కలిసే తిరుగుతాయి. గొలుసు పెద్ద చక్రం మీద పైకి చుట్టుకుంటుంటే చిన్న చక్రం మీద నుంచి కిందికి వదులవుతుంది. చుట్టుకున్నదానికీ వదిలినదానికీ ఉన్న తేడాలో సగమే బరువు పైకి లేస్తుంది. పెద్ద చక్రానికి గొలుసు లంకెలు కూర్చునే గుంటలు 12, చిన్నదానికి 11 ఉంటే లాభం 24 రెట్లు. చక్రాలు పెంచకుండా, రెండు చక్రాల తేడాను తగ్గించి లాభం పెంచడం ఎంత గొప్ప ఆలోచన!

అందులో పెట్టిన పనిలో సగానికి పైగా ఘర్షణకే పోతుంది. లోపంలా కనిపించే ఆ సంగతే దానికి రక్ష. సగానికి పైగా ఘర్షణకు పోయే యంత్రాన్ని బరువు తనంతట తాను వెనక్కి తిప్పలేదు. అందుకే బ్రేకు లేకుండానే నిలిచిపోతుంది.

మోటారు పని

చైన్ కప్పీ దొరికితే సరే. దొరక్కపోతే తాడుతోనే చేయాలి. జంట చక్రాల కప్పీలు రెండు తెచ్చుకుంటే ఎంత వస్తుంది? తాడు ఎంత కావాలి? దూలం నేల నుంచి 5 మీటర్ల ఎత్తు.

రిగ్గింగ్ మేస్త్రి

పైన జంట చక్రాలు, కింద జంట చక్రాలు, తాడు కొస పై కప్పీ చట్రానికి. మోటారును పట్టినవి నాలుగు తాళ్లు. ఘర్షణ లేకపోతే 30 కిలోలు; నూటికి 10 నష్టంతో 39. దూలం మీద 120, 39 కలిపి 159 కిలోలు. ఇద్దరికి ఇది ఇబ్బంది లేని బలం.

తాడు లెక్క: మోటారు నేల మీద ఉన్నప్పుడు రెండు కప్పీల మధ్య దూరం సుమారు 4 మీటర్లు అనుకుంటే, నాలుగు వరసలకు 16. చేతి కొస కిందికి రావడానికి 4, ముడులకూ పట్టుకూ 3. మొత్తం 23 మీటర్లు, 25 తెచ్చుకోండి. ఎత్తేటప్పుడు 12 మీటర్ల తాడు మీ కాళ్ల దగ్గర పోగుపడుతుంది. దాన్ని ఎవరైనా పక్కకు చుట్టుతూ ఉండాలి, చుట్టలో కాలు పెట్టకూడదు.

పేటలు మెలితిప్పిన తాడు కొనకండి, అల్లిన తాడు తీసుకోండి. మెలి తాడు మీద బరువు పడగానే మెలి విచ్చుకోవాలని చూస్తుంది, కింది కప్పీ గిర్రున తిరుగుతుంది, నాలుగు వరసలూ జడలా అల్లుకుపోతాయి. ఇక లాగినా రాదు. మోటారుకు ఒక సన్నటి పక్కతాడు కట్టి నేల మీద నుంచి ఒకరు పట్టుకుంటే తిరగకుండా, వేదిక అంచుకు తగలకుండా కాపాడొచ్చు. ఆ మనిషి మోటారు కింద కాకుండా పక్కన నిలబడాలి.

నిలపడానికి: చేతి కొసను ఏదైనా గట్టి స్తంభానికి ఒకటిన్నర చుట్టు వేసి, దాని వెనుక రెండో మనిషి మిగులు తాడు తీసుకుంటూ ఉండాలి. మాస్టారు చెప్పిన చుట్టు లెక్క అక్కడ మీకు పనికొస్తుంది. స్తంభాన్ని చుట్టే ముందు, దూలం నుంచి వచ్చే తాడును స్తంభం వైపు మళ్లించడానికి నేల దగ్గర ఇంకో కప్పీ కావాలి. మీ పాత ఒంటి చక్రం కప్పీల్లో ఒకటి అందుకు పనికొస్తుంది. తాడు నిలువు నుంచి అడ్డంగా మళ్లుతుంది కాబట్టి దాన్ని బిగించిన చోట చేతి బలానికి 1.4 రెట్లు పడుతుంది. ఆ చక్రమూ తన 10 శాతం తీసుకుంటుంది కాబట్టి 39 కాస్తా 43 అవుతుంది, దూలం లెక్క మారదు. ఎత్తుతున్నంతసేపూ స్తంభం మీద చుట్టు వదులుగా ఉంచి, ఆగాలన్నప్పుడు బిగించండి. లేకపోతే ఆ ఘర్షణ కూడా మీరే లాగాలి.

మోటారు పని

రాసుకున్నాను. కప్పీ మీద చెక్కిన బరువు అంకె 250 కిలోలు అని ఉంది. చాలా?

రిగ్గింగ్ మేస్త్రి

పై కప్పీ మీద పడేది 159. కుదుపులు లేకుండా లాగితే చాలు. తాడు విషయంలో మాత్రం తెగే బలం చూసి తృప్తి పడకండి. ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా తగ్గొచ్చు. ముందుగా మోటారును నేల మీద నుంచి ఒక బెత్తెడు లేపి ఆపండి. దూలం, ముడులు, కొక్కేలు, చక్రాలు అన్నీ చూసుకుని, తాళ్లు అల్లుకోలేదని నిర్ధారించుకున్నాకే మిగతాది లాగండి. చేతి కొస చివర పెద్ద ముడి వేసి ఉంచండి, పట్టు తప్పినా తాడు చక్రాల్లోంచి పూర్తిగా జారిపోదు.